బోర్లించిన మూడో కంచం

మేడం పోయారని ఫోన్ వచ్చేసరికి నేను పూసపాటిరేగ దగ్గరి మత్స్యకార పల్లెలో కఫం పరీక్షకు పంపే కళ్లె డబ్బాల మీద పేర్లు రాస్తున్నాను. క్షయ ఒకరి నుంచి ఇంట్లో ఎంతమందికి పాకుతుందో తేల్చే పరిశోధనలో ఆవిడ మా సూపర్‌వైజర్. పోయింది కూడా క్షయతోనే. ఆస్పత్రిలో చేరేదాకా మాలో ఎవరికీ తెలియదు. రోజూ పక్కనే ఉన్న నాకూ తెలియదు.

డిగ్రీ అయ్యాక ఇంట్లో కాలు నిలవక ఈ పనిలో చేరాను. మొదటి వారమే తప్పు చేశాను. ఒకావిడ "ముగ్గురం" అంటే ముగ్గురని రాసుకుని వచ్చేశాను. మేడం కాగితం చూసి, "వంటింట్లోకి తొంగి సూసేవేటి? కంచాలెన్నున్నాయి?" అన్నారు. మళ్లీ వెళ్లాం. నాలుగున్నాయి. నాలుగోది బోర్లించి ఉంది.

"అది మా మరిదిది. గుజరాత్ బోట్ల మీదున్నాడు. ఏటకెల్లినోడ్ని లెక్కెట్టకూడదు మేడంగోరూ, తిరిగొచ్చినాకే లెక్క," అంది ఆవిడ.

వెళ్లేముందు రెండు నెలలు అతను వాళ్లందరితో ఒకే గదిలో దగ్గుతూ పడుకున్నాడట. మేడం ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి, అతన్ని పట్టుకుని, అక్కడే మందులు మొదలుపెట్టించారు.

"మనుసుల్ని దాస్తారు గానీ కంచాల్ని దాయరే గుంటా," అన్నారు తిరుగు బస్సులో.

ఎవరింటికి వెళ్లినా మూసిన కిటికీని అడక్కుండానే తెరిచేవారు. కళ్లె మాత్రం ఆరుబయటే ఇప్పించేవారు. నెల్లిమర్లలో మేడం ఇంట్లో ఆవిడా, తల్లీ ఇద్దరే. మధ్యాహ్నం నన్ను తినకుండా కదలనిచ్చేవారు కాదు. "కాలేజీలో అన్నం తినడం సెప్పలేదేటి?" అని వెక్కిరిస్తూ ఇంకో గరిటె వేసేవారు.

వేసవి నుంచి మారిపోయారు. నాకు వడ్డించి, తన కంచం పట్టుకుని పెరటి గుమ్మం దాకా వెళ్లి, అటు తిరిగి తినేవారు. మధ్యమధ్య దగ్గేవారు. నా మీద కోపమనుకుని నేనూ మూతి ముడుచుకున్నాను. దగ్గు ఎక్కడుందో వెతకడమే ఉద్యోగమైన నేను, ఆ దగ్గును పోపు ఘాటనుకున్నాను.

నిన్న ఫారం పట్టుకుని మేడం ఇంటికి నేనే వెళ్లాను. వాళ్లమ్మగారు గోడకు చేరగిలబడి ఉన్నారు.

"దానికి తెలుసునే అమ్మా. 'నాకే ఉందంటే ఎవులు తలుపు తీస్తారు, ఈ పని అయిపోనీ' అనీది."

ఒళ్లు మండింది. రోగులెవరైనా ఆ మాటంటే, డబ్బా చేతిలో పెట్టేదాకా మేడం ఆ ఇంటి గడప దిగేవారు కాదు. ఆ కోపం ఇంకా పోలేదు. అయినా ఆవిడ నేర్పిన పని తప్ప నాకు వేరే ఏమీ చేతకాలేదు.

"ఇంట్లో ఎంతమంది మామ్మా?"

"ఇంకెవులున్నారే, నానొక్కదాన్నే."

రాసుకుని, అలవాటుగా వంటింట్లోకి తొంగిచూశాను. గట్టు మీద మూడు కంచాలు. ఒకటి మేడంది, ఒకటి మామ్మది. మూడోది అంచు సొట్టపోయినది, తోమి బోర్లించి ఉంది. నాకు వడ్డించేది అందులోనే.

సంచిలోంచి రెండు డబ్బాలు తీశాను. ఒకదాని మీద మామ్మ పేరు రాసి ఆవిడ చేతికిచ్చాను. రెండోదాని మీద నా పేరు రాసి, మూత విప్పి, మేడం అటు తిరిగి కూర్చునే పెరటి గుమ్మం దాటి ఆరుబయటికి వెళ్లాను.