రెండు పేర్లు, ఒకటే గోలీ

నేను ఆబిడ్స్‌లో బట్టల షాపులో పనిచేస్తాను. పోయిన ఎండాకాలం, షుగర్ ఉన్న మా అమ్మను నాంపల్లిలో మా బస్తీ దవాఖానకు తీసుకెళ్లాను. లైన్లో ఉండగానే అమ్మకు చెమటలు పట్టి, నా మీదికి ఒరిగిపోయింది. నర్సమ్మ పరుగున వచ్చి చూసి, షుగర్ బాగా పడిపోయిందని గ్లూకోజ్ నీళ్లు తాగించింది. అంతలో మందులిచ్చే ఆమె నా సంచిలోని గోలీలు చూసి డాక్టరమ్మను పిలిచింది.

"గీ రెండిటికి పేర్లే వేరు, మందు ఒకటే. రెండూ వేస్తున్నవా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఔ మేడం. ఇద్దరు డాక్టర్లు రాసిన్రు, నేనే వేస్తున్న" అన్నాను.

"నీకెట్ల తెలుస్తది? ఫికర్ చేయకు" అంటూ ఒకటి తీసేసింది. ఆ తర్వాత వారం రోజులు మా బస్తీ ఆశా వర్కర్ అక్క ఇంటికొచ్చి అమ్మను చూసిపోయింది.

ఇప్పుడు అమ్మ బాగుంది. ఆ నలుగురూ పట్టించుకోకపోతే, నా చేతులతో నేనే అమ్మను పోగొట్టుకునేదాన్ని.