రొట్టె కోసిన చాకు

అరవైల చివర్లో ఒక వానాకాలమంతా నా చేతిసంచిలో వాక్యగ్రంథం పక్కన ఒక మడతచాకు ఉండేది. సంచికి వేరే అర లేదు. నడుస్తుంటే చాకు గ్రంథం అట్టకి తగిలి టక్కుటక్కుమనేది. ఆ చప్పుడు నాకు తప్ప ఎవరికీ వినపడదని తెలిసినా, సంఘంవాళ్లు ఎవరైనా ఎదురొస్తే సంచిని ఒంటికి అదుముకునేదాన్ని.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆమదాలవలసలో అమ్మతో ఉంటూ కాలువ అవతలి ఊళ్లో ఎలిమెంటరీ బడిలో పాఠాలు చెప్పేదాన్ని. నాన్నగారు సువార్త పనిలో తిరుగుతూనే కన్నుమూశారు. ప్రార్థన కూడికల్లో చాపల మీద పడుకుని పెరిగినదాన్ని నేను. శనివారం బడి ఒంటిపూట. పిల్లల్ని పంపేశాక ఆ ఊరి ప్రార్థన మందిరంలో ఆడవాళ్లకి వాక్యం చదివి వివరించి, ఎండ పల్చబడ్డాక కాలువగట్టు మీదుగా ఇంటికి బయలుదేరేదాన్ని. గంట నడక. మధ్యలో జీడితోట. తోట దాటేదాకా గట్టు మీద మనిషి అలికిడి ఉండదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక శనివారం నా వెనక ఎవరో వస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూస్తే నలభై అడుగుల దూరంలో ఒక మగమనిషి. పంచె ఎగగట్టి, ముఖానికి సగం అడ్డంగా తువ్వాలు చుట్టుకున్నాడు. నేను చెప్పు సర్దుకునే వంకతో ఆగితే అతనూ ఆగాడు. గబగబా నడిస్తే అతనూ గబగబా నడిచాడు. రైలు గేటు దగ్గర జనం కనపడగానే బియ్యం మిల్లుల వైపు తిరిగిపోయాడు. తర్వాతి శనివారం మళ్లీ అంతే. ఆ తర్వాతి శనివారం కూడా.

ఆ రోజుల్లో మా జిల్లాలో కొండల వైపునుంచి దాడుల గురించీ పోలీసుల గురించీ రకరకాల కబుర్లు వచ్చేవి. పొద్దువాలితే తలుపులు బిగించుకునే కాలం. అమ్మకి చెబితే బడి మానిపించేస్తుంది. అందుకని గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసే అన్నయ్య సెలవుకి వచ్చినప్పుడు అతనికి మాత్రమే చెప్పాను. అన్నయ్యకి గుడి గొడవ, మందిరం గొడవ రెండూ పట్టవు. మర్నాడు బజారుకెళ్లి గోధుమరంగు పిడి ఉన్న చాకు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ప్రార్థన మానమన్నేదు. నీ దేవుడికి సాయంగా దీన్నీ ఉంచు," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. కానీ చాకు వెనక్కి ఇవ్వలేదు. బావి దగ్గర ఎవరూ లేనప్పుడు దాన్ని తెరవడం సాధన చేశాను. కోసే అలుగు మీద సన్నని గాడి ఉంటుంది, గోరు దానిలో పెట్టి లాగాలి. బాగా బిగువు. రెండుసార్లు గోరు విరిగింది.

భయంకంటే నన్ను ఎక్కువ తినేసింది సిగ్గు. దానికి కారణం ఉంది. ఆ ఊరి సంఘంలో అందరూ మామ్మ అని పిలిచే పెద్దావిడ ఉండేది. మందిరం ఊడ్చడం, ప్రభువు బల్ల మీది తెల్లగుడ్డ ఉతకడం ఆవిడ పని. ఆ ఏడాది కూతురు పురిటికి వచ్చి మగపిల్లాణ్ణి కంది. చూడ్డానికి వెళితే పిల్లాడి తలగడ కింద కొడవలి ఉంది. గాలి సోకకుండా ఇనుము కాపలా కాస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. బాప్తిస్మం తీసుకున్న ఇంట్లో ఇదేమిటని నేను నిలదీశాను. ప్రభువుని నమ్మినవాళ్లకి ఇనుము ఎందుకన్నాను. మామ్మ కొడవలి తీసుకెళ్లి చూరులో దోపింది. ఆ మరుసటి శనివారం కూడికలో, పేరు చెప్పకుండానే, ఆ సంగతి సాక్ష్యంగా చెప్పాను కూడా.

అలా చెప్పిన నేను రెండు నెలలు తిరక్కుండానే సంచిలో ఇనుము పెట్టుకుని తిరుగుతున్నాను. ఇది మామ్మకి తెలిస్తే నేను చదివే వాక్యం ఆవిడ చెవికి ఎక్కుతుందా? ఆవిడ ఒక్కతే కాదు, ఆ చాప మీద కూర్చునే పదిమంది ఆడవాళ్లలో ఎవరికైనా ఎక్కుతుందా? నాకు ఉన్నదల్లా ఆ మాట ఒక్కటే. అది పోతే ఆ ఊళ్లో నేను జీతానికి వచ్చే పంతులమ్మని, అంతే.

ఒక శనివారం సన్నగా తుప్పర పడుతోంది. జీడితోట మధ్యకి వచ్చేసరికి వెనక అడుగులు దగ్గరైనట్టు వినిపించాయి. దగ్గరవడమే కాదు, పరుగులా ఉన్నాయి. సంచిలో చెయ్యి పెట్టి చాకు బయటికి లాగి వెనక్కి తిరిగాను. అతను పదడుగుల దూరంలో ఉన్నాడు. చేతిలో ఏదో ఉంది. గోరుతో లాగితే అలుగు సగమే తెరుచుకుంది, గోరు విరిగింది. ఆ సగం చాకునే ముందుకి చాపి నిలబడ్డాను. నోట ప్రార్థన కూడా రాలేదు.

అతను దాన్ని చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి, చేతిలోది గట్టు మీద పెట్టి, తోటలోకి అడ్డంపడి వెళ్లిపోయాడు. పెట్టినది నా గొడుగు. మందిరం అరుగు మీద మరిచిపోయి వచ్చాను. దొంగ గొడుగెందుకు తెచ్చిస్తాడని ఆ క్షణంలో తోచలేదు. గొడుగు తీసుకుని ఇంటిదాకా పరిగెత్తాను.

మర్నాడు నెల మొదటి ఆదివారం, ప్రభువు సంస్కారంగా రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. పాస్టరు అయ్యగారు సైకిలు మీద వచ్చేటప్పుడు శ్రీకాకుళంలో రొట్టె కొని తెచ్చేవారు. ఆరాధనకి ముందు మందిరం పక్క గదిలో మామ్మ దాని పెచ్చు తీసి చిన్న ముక్కలు కోసేది. కోసే కత్తి అయ్యగారింటినుంచే వచ్చేది. ఆవేళ ఆయన దాన్ని మరిచిపోయారు. మామ్మ ఇంట్లో ఉన్నది చేపలు కోసే కత్తిపీట. దాంతో ప్రభువు రొట్టె కోయడం ఎలాగని నేను తలపట్టుకుంటుంటే మామ్మ నావైపు తిరిగి, నెమ్మదిగా అంది:

"నీ సంచిలో సాకు ఉన్నాది గదా. తే."

ఈవిడకి ఎలా తెలుసు? రాత్రంతా పశ్చాత్తాపంతో ప్రార్థించినదాన్ని కాబట్టి ఒకటే జవాబు తోచింది. ప్రభువే ఈవిడకి బయలుపరిచాడు. చాకు తీసి ఇచ్చి, చెప్పడం మొదలుపెట్టాను. వెనకాల మనిషి, భయం, అన్నయ్య, అంతా. నాకు విశ్వాసం చాలలేదని, అందుకే దేవుడు నిన్ను పంపి నన్ను గద్దించాడని ఏడుస్తూ చెప్పాను.

మామ్మ చాకుని వేడినీళ్లలో కడిగి, తుడిచి, రొట్టె పెచ్చు తీయడం మొదలుపెట్టింది.

"దేవుడు నాకేటీ సెప్పనేదు. నా అల్లుడు రేతిరి ఎనక్కొచ్చి సెప్పినాడు," అంది.

కూతురు కన్నప్పటినుంచీ అల్లుడు ప్రతి శనివారం పిల్లాణ్ణి చూడ్డానికి వచ్చి, సాయంత్రం మిల్లు పనికి తిరిగి వెళ్లేవాడట. మా కూడికలకి రాని మనిషి, నేను ఎన్నడూ చూడలేదు. పంతులమ్మ ఒక్కర్తీ జీడితోట దాటుతున్నాదని, ఆమె బయలుదేరాకే నువ్వూ బయలుదేరమని మామ్మే చెప్పిందట. పెళ్లికాని పిల్ల పక్కన నడిస్తే ఊరు ఊరుకోదు. అందుకని నలభై అడుగులు.

"నాకు ముందే చెప్పలేదేం మామ్మా?"

"సెప్తే ఒప్పుకుంతావా? ప్రభువు సూసుకుంతాడు, మనిసెందుకు అంతావు." ఆవిడ ముక్కల్ని పళ్లెంలో సర్దుతూనే ఉంది. "నువ్వు సెప్పినావని కొడవలి తీసేసినాను. తీసినాక మూడు రాత్రులు గుంటడి మీద సెయ్యేసుకుని కూకున్నాను. నిద్దర నేదు. బయం ఏటో నాకు తెల్దా అమ్మీ? అందుకే ఆణ్ణి పంపినాను."

అక్కడే గోడకి చేరగిలబడి కూర్చున్నాను. నన్ను వెంటాడేవాడు లేడు, ఎప్పుడూ లేడు. ఆ చాకు పూర్తిగా తెరుచుకుని ఉంటే, అతను ఇంకో రెండడుగులు ముందుకి వేసి ఉంటే అన్న ఆలోచన వచ్చి, విరిగిన గోరు చూసుకుని ప్రభువుకి స్తోత్రం చెప్పాను. ఆ గోరు విరగడం ఆయన కృపేనని ఈ రోజుకీ నమ్ముతాను. కొడవలి విషయంలో తప్పు చెప్పానని అనుకోను. కానీ ఆ మూడు రాత్రులు ఆవిడ పక్కన నేను కూర్చోవలసింది. ఆ మాటే అని, క్షమించమని అడిగాను. మామ్మ నా చేతికి రొట్టె పళ్లెం ఇచ్చి, బల్ల మీద పెట్టమంది. ఆ ఆదివారం అందరితోపాటు నేనూ ఆ ముక్క తీసుకున్నాను.

చాకు వెనక్కి తీసుకోలేదు. అది తెల్లగుడ్డలో చుట్టుకుని మందిరం రొట్టెల డబ్బాలో ఉండిపోయింది.

తర్వాతి శనివారం గట్టెక్కి కొంచెం దూరం నడిచాక వెనక ఎవరూ లేరని గమనించాను. ఆగి చూశాను. మందిరం మలుపు దగ్గర ఆ తువ్వాలు మనిషి నిలబడి ఉన్నాడు, కదలడం లేదు.

"పంతులమ్మా, ఈయేల సాకు ఉన్నాదా?" అని అక్కణ్ణించే అడిగాడు.

లేదని సంచి బోర్లించి చూపించాను. గ్రంథం, రుమాలు, సుద్దముక్క.

"అయితే నడండి," అన్నాడు, ఇంకా దగ్గరికి రాకుండానే.