యాకూబ్ చిచ్చా జవాబులు

మొన్న ములుగు పోవడానికి హన్మకొండ బస్టాండులో నిలబడ్డాను. అప్పుడే వాన వెలిసింది. తడిసిన సిమెంటు వాసన, డీజిలు పొగ, గేటు పక్కన కాలుతున్న మక్క కంకుల వాసన కలగలిసి వస్తున్నాయి. ఇంతలో పైన మైకు ఒకసారి కీచుమంది. ఆ తర్వాత ఒక గొంతు, "ఏటూరునాగారం పోయే ప్రయాణికులు" అని మొదలుపెట్టింది. ములుగు మీదుగా పోయే ఆ బస్సే నేను ఎక్కవలసింది, అయినా కాలు కదల్లేదు. మా ఎదురింట్లో ఉండిన మనిషి ముప్పై ఏళ్లు ఆ మైకులోనే మాట్లాడాడు. ఆయనను మీరు చూసి ఉండరు. మా జంపఖానాల పేజీని చూసేవాళ్లలో చాలామందికి మాత్రం ఆయన మాటలు తెలుసు, అవి ఆయనవని చాలాకాలం తెలియలేదు.

పేరు యాకూబ్. వాడకట్టులో అందరికీ బాబాయి వరస, యాకూబ్ చిచ్చా. బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎప్పుడు కదులుతుందో మైకులో చెప్పడం, అడిగినవాళ్లకు జవాబివ్వడం ఆయన పని. భార్య పోయింది, కూతురు కాజీపేటలో ఉంటుంది. రిటైరయ్యాక కూడా పొద్దున ఏడింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, గుమ్మం ముందు కుర్చీలో కూర్చునేవాడు, ఎవరో ఏదో అడగడానికి వస్తారన్నట్టు.

మాది కొత్తవాడలో నేత కుటుంబం. మా నాన్న సదానందం నేల మీద పరుచుకునే జంపఖానాలు నేస్తాడు. నేనొక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరును. సరుకు తీసుకునే దుకాణం వాళ్లు ఒక ఏడు ఇక వద్దన్నారు. మగ్గం ముందు నాన్న ఖాళీగా కూర్చోవడం చూడలేక, ఫోన్‌లో పేజీ తెరిచి నేసినవాటి ఫోటోలూ రీల్సూ పెట్టడం మొదలుపెట్టాను. మూడు నెలలైనా ఫాలోవర్లు నూట పన్నెండు దాటలేదు. అందులో సగం మా చుట్టాలే. గంటకోసారి ఆ అంకె చూసుకోవడం నాకు జబ్బులా పట్టుకుంది.

"పొద్దుగాల సంది గా ఫోనే సూస్తానవ్. ఏందమ్మా ఫికరు?" అని అడిగాడు చిచ్చా ఒకరోజు.

"ఫాలోవర్లు పెరుగుతలేరు చిచ్చా. మన పేజీ సూసెటోళ్లు."

"ఇప్పుడెంతమంది ఉన్నరు?"

"నూట పన్నెండు."

"రెండు బస్సుల జనం. మంచిగనే ఉన్నరు గదా. ఏమంటాండ్రు వాళ్లు?"

వాళ్లెంతమందో చూశాను గానీ ఏమంటున్నారో చదవలేదు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, కుర్చీ దగ్గరికి జరుపుకుని, కామెంట్లన్నీ నాతో పైకి చదివించాడు. ఉతికితే రంగు పోతుందా అని ఒకరు, రంగు దిగుతుందా అని మరొకరు, రంగు గ్యారంటీయేనా అని ఇంకొకరు. మొదటి మనిషికి జవాబు రాసి మిగతావాళ్లను వదిలేశాను.

"వీళ్లకెందుకు చెప్పలే?"

"పైన చెప్పిన గద చిచ్చా. ఒక్కటే ముచ్చట ఎన్నిసార్లు చెప్పాలె?"

ఆయన కోపగించుకోలేదు. "నర్సంపేట బస్సు ఎప్పుడని నన్ను దినాం రెండు నూర్లమంది అడిగెటోళ్లు బిడ్డా. నేను రెండు నూర్లసార్లు చెప్పిన. గని వాళ్లల్ల ప్రతొక్కలు ఒక్కసారే అడిగిండ్రు" అన్నాడు.

ఆ రోజు కూర్చుని అందరికీ జవాబు రాశాను. మరునాటి నుంచి బడికి పోయేముందు గంటసేపు ఆయన గుమ్మం దగ్గర మా ఇద్దరికీ అదే పని. నేను చదివేదాన్ని, ఆయన వినేవాడు. మనుషులు ఆయనకు గుర్తుండేవాళ్లు. "ఈమె తొర్రూరు సుజాతమ్మ కాదూ? తల్లికి మోకాళ్ల నొప్పులన్నది మొన్న. పెద్దామె ఇప్పుడెట్లున్నదో ముందుగాల అడుగు, తర్వాత కొలతలు అడుగు" అనేవాడు. రోజుకొక వీడియో పెడతానని ఒకచోట రాసి రెండు రోజులు పెట్టకపోతే, "టైము చెప్పినంక బండి రావాలె. రాకుంటే రాదని చెప్పాలె. ఊకె నిలబెట్టొద్దు మనుషులను" అన్నాడు. దాంతో వారానికి మూడు వీడియోలని మార్చుకుని, ఆ మూడూ తప్పకుండా పెట్టాను. ఏడాది తిరిగేసరికి మూడు వేల మందయ్యారు. నాన్న మగ్గం మళ్లీ రోజంతా ఆడింది.

మూడు వేలు చాలని నాకనిపించలేదు. ఊళ్లో నాకు తెలిసిన చీరల పేజీ ఒకటి లక్ష దాటింది. ఫాలోవర్లను పెంచి ఇస్తానంటూ ఒకతను ఫోన్ చేశాడు, వారంలో పదివేల మందిని తెస్తానన్నాడు. ఆ మాట చిచ్చాకు చెప్పాను.

"వాళ్లు ఏ ఊరోళ్లట?"

"ఏ ఊరోళ్లు కాదు చిచ్చా. ఊకె అంకె కనవడతది, అంతే."

"మనుషులు లేని బస్సును తోలుకుంట యాడికి పోతవు?" అని నవ్వాడు. అతనికి వద్దని చెప్పాను గానీ ఆ ఆశ మాత్రం లోపల అలాగే ఉండిపోయింది.

ఆ చలికాలంలో ఒక ఉదయం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంటే నాన్న ఒక్కడే మగ్గం మీద ఉన్నాడు. అరచేతులకు రంగు అంటి ఉంది. వీడియో తీశాను. కింద ఏం రాయాలా అని చాలాసేపు ఆలోచించి, "వరంగల్ జంపఖానా నేస్తున్న చివరి చేతులు ఇవే" అని రాశాను. అది నిజం కాదు. మా సందులోనే ఇంకో ఆరు మగ్గాలున్నాయి. రాసేటప్పుడు ఆ సంగతి నాకు తెలుసు.

నాలుగు రోజుల్లో ఫాలోవర్లు నలభై వేలు దాటారు. కన్నీళ్ల బొమ్మలు, దండాల బొమ్మలు, ఎక్కడెక్కడినుంచో ఫోన్లు. నాన్న కొత్త చొక్కా తొడుక్కుని మగ్గం ముందు కూర్చున్నాడు. ఐదో రోజు మూడిళ్ల అవతలి లచ్చక్క వచ్చి మా గడపలో నిలబడింది. ఆమె, ఆమె భర్త ఇద్దరూ నేస్తారు. చేతిలో ఇంకా నూలు చుట్టిన కండె ఉంది.

"మీ నాయిననే ఆఖరోడట గద" అంది మెల్లగా. "కరీంనగర్ల మా దగ్గర కొనెటామె ఫోన్ చేసింది. మీరు బందు జేసిండ్రా, చెప్పనన్న చెప్పలే అన్నది. మరి మేమేమైనం రజితా?"

నేనేదో చెప్పబోయాను. ఆమె వినకుండానే వెళ్లిపోయింది. నాన్న ఆ రోజు మళ్లీ మగ్గం ఎక్కలేదు. ఆ మాట నేను రాసినట్టు ఆయనకు అప్పటిదాకా తెలియదు.

చిచ్చా దగ్గరికి పోయి నేనే గట్టిగా మాట్లాడాను. "అందరు గట్లనే రాస్తరు చిచ్చా. రాయకుంటే ఎవ్వలు సూడరు. ఆర్డర్లు వస్తే లచ్చక్కకు సుత ఇస్త గద."

ఆయన నావైపు చూడకుండా చెప్పాడు.

"మేడారం జాతరకు డ్యూటీ పడ్డది ఒకసారి. జనం మస్తుగున్నరు. ఎక్కుమంటే ఎక్కుతలేరు, ఒకలకోసం ఒకలు ఆగుతాండ్రు. జల్ది కదులుతరని మైకుల ఇదే ఆఖరి బస్సు అన్న. ఎనుక ఇంక పదకొండు బస్సులున్నయి. జనం ఒక్కతీరుగ ఉరికిండ్రు. ఒక ముసలామె కింద పడ్డది. చెయ్యి ఇరిగింది."

"మరేం చేసినవ్?"

"మైకు పట్టుకుని, ఇది ఆఖరిది కాదు, నేను అబద్ధం చెప్పిన, మెల్లగ రాండ్రి అన్న. పెద్దసారు తిట్టిండు, మైకుల గట్లంటరా అని. ఆ ముసలామెను దవాఖానల సూడవోతే నా దిక్కు మొకం తిప్పలే. ఆమె చెయ్యి మంచిగైంది గని సక్కగ రాలే." కుర్చీ నావైపు తిప్పుకుని, "నువ్వు యాడ చెప్పినవో గాడనే చెప్పాలె బిడ్డా. నా చెవుల చెప్తే ఏం లాభం?" అన్నాడు.

ఆదివారం పొద్దున లైవ్ పెట్టాను. ముందు లచ్చక్క ఇంటికి పోయి, కెమెరా తెరవకముందే క్షమించమని అడిగాను. ఆమె పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. ఆ తర్వాత ఏడు మగ్గాలూ, ఏడిళ్ల మనుషులనూ పేరుపేరునా చూపించాను. "మా నాన్న చివరివాడు కాదు. అలా రాసింది నేను. అది అబద్ధం" అన్నాను. చెప్తుండగానే పైన అంకె తగ్గడం కనిపిస్తోంది. మోసగత్తెవని రాశారు. మీ నాన్న పరువు తీశావని రాశారు. వారంలో తొమ్మిది వేల మంది వెళ్లిపోయారు. పేజీ మూసేద్దామనుకున్నాను.

"దిగెటోళ్లు దిగుతరు, వాళ్ల కాళ్లు పట్టుకోకు" అన్నాడు చిచ్చా. "కూసున్నోళ్లు ఏం అడుగుతాండ్రో సూడు."

కూర్చున్నవాళ్లు లచ్చక్క నేసిన నీలం అంచు జంపఖానా కొలతలు అడుగుతున్నారు. అందరికీ రాశాను. ఆ వారం నుంచి వంతులవారీగా ఒక్కో మగ్గం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఎవరి గురించి ఏం రాసినా ముందు వాళ్లకు చదివి వినిపించి, వాళ్లు సరేనంటేనే పెట్టాను. అంకె మళ్లీ కదలడానికి ఐదు నెలలు పట్టింది. ఈసారి గంటకోసారి చూడలేదు.

మరుసటి ఏడు చిచ్చాకు గొంతులో గడ్డ తేలింది. దవాఖానలో ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. ఇంటికి వచ్చిన రోజు నేనేడుస్తుంటే, ఆయన చెయ్యి చాపి నా ఫోన్ అడిగాడు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, అలాగే ఉండిపోయిన ఒక కామెంటుకు జవాబు కొట్టాడు: "నమస్తే అమ్మ. రంగు పోదు. మొదటిసారి ఉప్పునీళ్లల్ల నానవెట్టుండ్రి. నీడకు ఆరేయుండ్రి." నేను దిద్దలేదు. కూతురు ఒక పాత ఫోన్ తెచ్చిచ్చింది. ఆనాటి నుంచి పేజీకి వచ్చే సందేశాలన్నీ ఆయనే చూశాడు. ఒక్క జవాబుకు ఐదు నిమిషాలు పట్టేది. ఆ అమ్మ, అయ్య అన్న పిలుపులు నావేనని జనం అనుకున్నారు.

ఆ వానాకాలం మా సందులోకి నీళ్లొచ్చాయి. మగ్గాల కింద కాళ్లు పెట్టే గుంటలు నిండిపోయాయి, రంగు వేసిన నూలంతా తడిసి ఒకదాని రంగు ఒకదానికి అంటుకుంది. ఒప్పుకున్న ఆర్డర్లు నూరుకు పైగా ఉన్నాయి. ఆలస్యమవుతుందని అందరికీ కలిపి ఒకేసారి పోస్టు పెట్టబోతే చిచ్చా నా చెయ్యి పట్టుకున్నాడు. ఒక్కొక్కరికీ విడిగా రాశాం. ఎవరి జంపఖానా ఎంతవరకు వచ్చిందో, ఏది పూర్తిగా పాడైందో దాచకుండా చెప్పాం. నాన్న, లచ్చక్క బకెట్లతో గుంటల్లో నీళ్లు తోడుతుంటే, మేమిద్దరం అరుగు మీద తడి బట్టల్లోనే కూర్చుని మూడు రోజులు రాశాం. వద్దన్నవాళ్లు నలుగురే. ఏటూరునాగారం అవతల అడవి పల్లెలో పంతులమ్మగా ఉన్న నాగమణి గారు, "ముందు మీ మగ్గాలు ఆరనీయండి. మేము ఆగుతాం" అని రాశారు. ఆ మాట లచ్చక్కకు చదివి వినిపిస్తే బకెట్ దించి ఒక్క నిమిషం నిలబడి, మళ్లీ ఎత్తుకుంది.

చిచ్చా ఆ ఏడాది చలికాలం దాటలేదు. ఒక పొద్దున ఏడింటికి కుర్చీ బయటికి రాలేదు. నాలుగు రోజులు పేజీ ముట్టుకోలేదు. తెరిచేసరికి, జవాబులు ఆగిపోయాయి, అంతా క్షేమమేనా అని ఎంతోమంది అడిగి ఉన్నారు. ఇన్నాళ్లూ మీకు రాసింది నేను కాదని, యాకూబ్ చిచ్చా అని, ఆయనెవరో, ఎలా పోయాడో రాసి పెట్టాను.

పది రోజుల తర్వాత నాగమణి గారు బస్సెక్కి మా సందు వెతుక్కుంటూ వచ్చారు. తాళం వేసిన చిచ్చా ఇంటి ముందు చెప్పులు విడిచి నిలబడ్డారు. తర్వాత మా ఇంట్లో కూర్చుని తన ఫోన్ తీసి నా చేతికిచ్చారు. "మీరు రాస్తున్నరనే అనుకున్న" అన్నారు.

ఆర్డరు గురించిన మాటలు పైన ఎక్కడో అయిపోయాయి. ఆ తర్వాత ప్రతి సోమవారం ఒకే మాట ఉంది: "ఈ రోజు బడికి పిల్లలు ఎంతమంది వచ్చిండ్రు అమ్మ?" కింద ఆమె జవాబు. పద్దెనిమిది. ఇరవై రెండు. వాగు పొంగింది, ఐదుగురే. నాలుగు నెలల సోమవారాలు, ఒక్కటీ తప్పలేదు. ఆమెకు ఇంకేదైనా అమ్మాలనో, ఆమెను పేజీలో నిలుపుకోవాలనో అడిగిన మాటలు కావవి.

"ఆ బళ్లె నేనొక్కదాన్నే టీచర్‌ను" అన్నారామె. "ఎంతమంది వచ్చిండ్రని అడిగేటోళ్లు ఇంకెవ్వలు లేరు."

ఆ ఫోన్ చాలాసేపు నా చేతిలోనే ఉంది. అడిగినదానికి జవాబు చెప్పడం ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఎవరూ అడగకముందే మనం అడగాలని ఆయన నాకెన్నడూ చెప్పలేదు, తాను మాత్రం చేస్తూ ఉన్నాడు. ఇవాళ పేజీకి ఎంతమందని ఎవరైనా అడిగితే అంకె చూసి చెప్పగలను. దాన్ని ఎలా నిలుపుకుంటున్నావంటే మాత్రం, రోజూ పొద్దున కూర్చుని కొందరిని పేరుపెట్టి పలకరిస్తానని చెప్తాను. వినేవాళ్లకు అది చాలా చిన్న సంగతిగా తోస్తుంది. నేను ఆ పని మానలేదు, మానను.

ఇవాళ సోమవారం. నాగమణి గారిని అడిగాను. ఇరవై ఆరుగురు వచ్చారట, ఇద్దరికి జ్వరమట. ఆ ఇద్దరి పేర్లేమిటని మళ్లీ రాశాను.