సుగుణ గారి నంబర్ల కౌంటర్

కాపెల్‌లో మా వీధికి గురువారం పొద్దున్నే గడ్డి కోసేవాళ్ళు వస్తారు. కోత అయ్యాక ఒకతను ఆకులు ఊదే మిషన్‌ని వీపుకు తగిలించుకుని వాకిళ్ళన్నీ తిరుగుతాడు. నూనె కలిపిన పెట్రోలు కాలిన వాసన మా వంటింటి కిటికీలోంచి లోపలికొస్తుంది. మా మనవరాలు ముక్కు మూసుకుని, "అమ్మమ్మా, విండో క్లోజ్ చెయ్, స్మెల్ బ్యాడ్‌గా ఉంది" అంటుంది. నేను వినబడనట్టు నటిస్తాను. ఆ వాసన తగిలితే నాకు ఈ టెక్సాస్ ఎండ గుర్తుండదు. ఉత్తరాన కెనడా సరిహద్దు దగ్గరి ఒక చిన్న ఊరు, అక్కడి ప్రభుత్వ ఆఫీసులో ఒక కౌంటరు, ఆ కౌంటరు వెనక చీర మీద మగవాళ్ళ ఉన్ని కోటు తొడుక్కుని నిలబడ్డ సుగుణ గారు గుర్తొస్తారు.

డెబ్భైల చివర్లో మా ఆయనకి అక్కడి కాగితం మిల్లులో ఉద్యోగం వచ్చింది. నాకు ఇరవై నాలుగేళ్ళు, బీఎస్సీ చదువు, తెనాలి ఇంగ్లీషు. ఊళ్ళో మేం కాక మరో తెలుగు కుటుంబం ఒక్కటే ఉండేది. సుగుణ గారి భర్త అక్కడి కాలేజీలో లెక్కల మేష్టారు. వాళ్ళది భీమవరం వైపు. ఆదివారం ఉదయం చర్చికి వెళ్ళొచ్చి, మధ్యాహ్నం మమ్మల్ని భోజనానికి పిలిచేవారు. మూడో ఆదివారం పప్పులో తాలింపు వేస్తూ, "ఇంట్లో కూచుని కిటికీలోంచి మంచు చూస్తే పిచ్చెక్కుద్దమ్మాయ్. సోమవారం మా ఆఫీసుకి రా, పార్ట్ టైమ్ పోస్ట్ ఉంది" అన్నారు. రమ్మని అడగడం కాదది, చెప్పడం. వెళ్ళాను.

మా కౌంటరు పని స్నోమొబైళ్ళను రిజిస్టరు చేయడం. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, అది మంచు మీద నడిచే మోటారు బండి. ముందు రెండు స్కీలు, కింద రబ్బరు పట్టా, స్కూటరు మీద కూర్చున్నట్టే కూర్చుంటారు, నూనె కలిపిన పెట్రోలుతోనే నడుస్తుంది. ఆ ఊళ్ళో ఇంటికొకటి ఉండేది. నవంబరులో మొదటి మంచు పడ్డ మర్నాడు మా గది ముందు వరస కట్టేవారు. దరఖాస్తు చూసి, నంబరు స్టిక్కర్లు ఒక జత ఇచ్చి, కార్డు టైపు చేసి, రిజిస్టరులో పేరు రాయాలి. రిజిస్టరులో నంబర్లు ముందే వరసగా అచ్చయి ఉంటాయి. పక్కన పేరు, చిరునామా, ఫోను నంబరు రాయడమే. చిన్నపిల్లలైనా చేసే పని అనుకున్నాను. అంత పొగరు ఉండేది నాకు.

సుగుణ గారికి మాత్రం అది చిన్న పని కాదు. స్టిక్కర్లు తీసుకున్నవాళ్ళు బయట బండికి అతికించుకుంటుంటే, రబ్బరు బూట్లు వేసుకుని, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని వెళ్ళి చూసేవారు. నంబరు బండి ముందు భాగానికి రెండు పక్కలా ఉండాలి, దూరం నుంచి చదవగలగాలి, దాని మీద ఏదీ అడ్డం రాకూడదు. ఆరడుగుల కలప కూలీలు ఆవిడ చేతిలోని చెక్క స్కేలు చూసి బుద్ధిగా పక్కకి జరిగేవారు. ఒకసారి నేను నవ్వాపుకోలేక, "ఎందుకండీ అంత పట్టింపు? ఒక పక్క ఉంటే చాలదా?" అని అడిగాను.

"బండి తిరగబడితే ఏ పక్క పైకి ఉంటుందో నీకు ముందే తెలుసా?" అన్నారు.

"తెలీదు."

"నాకూ తెలీదు. అందుకే రెండు."

అంతే, మళ్ళీ పనిలో పడిపోయారు. ఆవిడ ఏదీ రెండుసార్లు వివరించేవారు కాదు. నాకది కోపంలా అనిపించేది. తర్వాత తెలిసింది, ఎదుటి మనిషికి బుర్ర ఉందని నమ్మేవారు, అంతే.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మా నాన్నకి అంకెల పిచ్చి. బస్సు టిక్కెట్టు మీద అంకెలు కూడి తొమ్మిదొస్తే దాచుకునేవారు, ఎనిమిదొస్తే పారేసేవారు. మా అన్నయ్య స్కూటరు నంబరు కూడితే ఎనిమిదొచ్చిందని, దాని కోసం ఆఫీసు చుట్టూ వారం తిరిగి మార్పించారు. ఆ పిచ్చి నాతో పాటు విమానం ఎక్కింది. కౌంటరులో ప్రతి జతా తీయగానే మనసులో కూడేదాన్ని. ఎనిమిదొస్తే ఇచ్చే ముందు చెయ్యి వెనకాడేది. అయినా ఇచ్చేసేదాన్ని.

ఆ రెండో ఏడాది నవంబరులో ఒక శుక్రవారం మిసెస్ ఓల్సన్ వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి. భర్తకి మోకాలి నొప్పి అని తనే కాగితాలు పట్టుకొచ్చింది. నా బొట్టు చూసి, "ఎంత బాగుందమ్మా" అంది. ఆమె వంతుకి వచ్చిన నంబరు 4130. కూడితే ఎనిమిది. దాని కింద 4131, తొమ్మిది. ఆ ముసలాయన మోకాలు, ఈవిడ నవ్వు, నా చెయ్యి ఆగలేదు. కింది జత లాగి ఆమెకిచ్చాను. వెనకే గ్యారీ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు. వరసలో నిలబడ్డంతసేపూ విసుక్కున్నాడు, నా ఇంగ్లీషుని వెక్కిరించి స్నేహితుణ్ణి నవ్వించాడు. మిగిలిన 4130 అతని చేతిలో పెట్టాను. పెడుతున్నప్పుడు నాకు కొంచెం సంతోషం కలిగింది. ఆ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

కార్డులు స్టిక్కర్లు చూసి టైపు చేశాను, సరిగ్గానే ఉన్నాయి. రిజిస్టరు మాత్రం మధ్యాహ్నం తీరిక దొరికాక, దరఖాస్తుల వరస చూసి రాశాను. చేయి అలవాటు ప్రకారం పోయింది. ముందొచ్చిన ఓల్సన్ 4130 పక్కన, తర్వాతొచ్చిన గ్యారీ 4131 పక్కన. సాయంత్రం సుగుణ గారు స్టిక్కర్లూ పేర్లూ లెక్క చూశారు. లెక్క సరిపోయింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం పోలీసు డిప్యూటీ ఫోను చేశాడు. సరస్సు మీద మంచు పగిలిన చోట ఒక స్నోమొబైల్ పక్కకి ఒరిగి ఉంది, మనిషి లేడు, గాలికి అడుగుల గుర్తులు చెరిగిపోయాయి, నంబరు 4130. సుగుణ గారు రిజిస్టరు తెరిచి ఓల్సన్ గారి పేరు, ఫోను నంబరు చదివారు. ఫోను పెట్టేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. నాకు ఆ నంబరు వినగానే ఎక్కడో విన్నట్టనిపించింది. పెద్దాయనకి ఏమైందో అన్న దిగులులో అంతకు మించి ఆలోచించలేదు.

పొద్దున్నే చేపలకి వెళ్ళిన భర్త ఎక్కడ గాలం వేస్తాడో మిసెస్ ఓల్సన్ ఏడుస్తూ చెప్పింది. తూర్పు ఒడ్డున. మనుషులంతా అటు వెళ్ళి వెతికారు. రెండు గంటల తర్వాత ఓల్సన్ గారు సంచీలో చేపలతో, తన బండి మీద, ఇంటికొచ్చారు.

ఆ కబురు రాగానే సుగుణ గారు వాళ్ళింటికి ఫోను చేశారు. "ఒక్కసారి బయటికెళ్ళి మీ బండి మీద నంబరు చదవండి" అన్నారు. అవతలి జవాబు విని, వేలితో రిజిస్టరులో ఒక గీత కిందకి జరిగారు. అక్కడ గ్యారీ పేరుంది. వెంటనే డిప్యూటీకి చెప్పారు. గ్యారీ తల్లికి ఫోను వెళ్ళిన నిమిషంలో ఆమె, "పడమటి ఒడ్డున మా అన్నయ్య క్యాబిన్ ఉంది, వాడు అక్కడికే పోతాడు" అని చెప్పిందట. అక్కడే దొరికాడు. నీళ్ళలోంచి బయటపడి, తడిబట్టలతో నడిచి, తలుపు పగలగొట్టి లోపలికి వెళ్ళాడు. చేతులు కొంకర్లు పోయి పొయ్యి వెలిగించలేకపోయాడు. బతికాడు. ఎడమ కాలికి రెండు వేళ్ళు తీసేశారు.

నేను సుగుణ గారికి అంతా చెప్పేశాను. చెప్పి, చివర్లో బుద్ధిలేకుండా, "ఆ నంబరే మంచిది కాదండీ" అన్నాను.

"నంబరు ఏం చెయ్యలేదు పద్మా. అది ఆ బండి మీద నిలబడి, నేను ఫలానా అని చెప్పింది. తప్పు పేరు చెప్పింది మన పుస్తకం." ఆ పైన అడిగారు. "ఆవిడకి తొమ్మిది ఇచ్చావు, సరే. ఎనిమిది చెడ్డదని అనుకున్నదానివి, ఆ అబ్బాయికెందుకిచ్చావు?"

నేను బల్ల మీది దరఖాస్తులు సర్దబోయాను.

"నిన్నే అడిగేది."

"నాకతను నచ్చలేదండీ."

సుగుణ గారు తల ఊపారు. తిట్టలేదు. తిడితే బాగుండునని నాకెంతో అనిపించింది. జరిగినదంతా నా చేత రిపోర్టు రాయించారు, నచ్చలేదన్న మాటతో సహా. నా సంతకం కింద, రిజిస్టరు తనిఖీ చేయవలసింది తనేనని రాసి, తనూ సంతకం చేశారు. ఉద్యోగం పోతుందని నేను సిద్ధపడ్డాను. పోలేదు. అంతకన్నా కష్టమైన పని అప్పజెప్పారు. "శనివారం రెడీగా ఉండు. రెండు ఇళ్ళకీ వెళ్దాం. మాట్లాడేది నువ్వే, నేను డ్రైవ్ చేస్తానంతే."

మిసెస్ ఓల్సన్ కాఫీ ఇచ్చింది. "మా ఆయన తిరిగొచ్చాడుగా, ఇంకేం కావాలి" అని నా చెయ్యి నిమిరింది. ఆ మంచితనానికి ఏడుపొచ్చింది. కొంచెం తేలికపడ్డాను కూడా.

గ్యారీ తల్లి తలుపు తీసి లోపలికి రమ్మంది, కూర్చోమనలేదు. కొడుకు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. అంకెల సంగతి, నచ్చకపోవడం సంగతి, అన్నీ. కాలివేళ్ళ గురించి అరుస్తుందనుకున్నాను. ఆమె చాలా నెమ్మదిగా అడిగింది.

"ఆ ఇంటికి ఎన్నింటికి ఫోను చేశారు?"

"ఒంటిగంట దాటాక."

"నాకు మూడున్నరకి చేశారు. ఆ మధ్యలో నేనేం చేస్తున్నానో తెలుసా? రేడియో పెట్టుకుని ఆపిల్ పై చేస్తున్నాను. పాట వస్తే దాంతో కలిసి పాడాను. నా బిడ్డ అక్కడ గడ్డకట్టుకుపోతుంటే ఆ ఇంట్లో ఎవరో వాళ్ళ మనిషి కోసం ఏడ్చారు. వాడి కోసం ఎవరూ ఏడవలేదు. ఆ భయం నాది. నాకు రావలసింది అది."

తిరుగు దారిలో సుగుణ గారు నన్ను ఓదార్చలేదు. ఊరు కనబడ్డాక, "విన్నావుగా. మర్చిపోకు, చాలు" అన్నారు. సోమవారం నన్ను అదే కౌంటరులో కూర్చోబెట్టారు.

తర్వాత ఆరేళ్ళు ఆవిడ దగ్గర పనిచేశాను. మేం టెక్సాస్ వచ్చాక ఆవిడ ఉత్తరాలు రాసేవారు, మోకాళ్ళ గురించి, మంచు గురించి. ఇప్పుడు లేరు. నేను ఇక్కడికి పక్క ఊరైన ఇర్వింగ్‌లో ఒక ఆసుపత్రి డెస్కు దగ్గర ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను. ఇళ్ళకి ఫోను చేసి కబురు చెప్పే పని. ముందు పేరు అడిగేదాన్ని, పుట్టినరోజు అడిగేదాన్ని, చిరునామా వాళ్ళ నోటితో చెప్పించేదాన్ని. అవతలివాళ్ళు విసుక్కునేవారు. విసుక్కున్నవాళ్ళ కాగితం మరోసారి చూసేదాన్ని. పక్క సీటు అమ్మాయిలు, "ఆంటీ, ఒక్క కాల్‌కి ఇంతసేపా?" అని నవ్వేవారు. నవ్వనిచ్చాను. అవతల ఫోను మోగుతున్నంతసేపూ, ఇంకెక్కడో ఒక తల్లి ఏమీ తెలియక పాట పాడుకుంటోందేమోనని నాకు భయం వేసేది. రిటైరై ఇన్నేళ్ళయినా, ఎక్కడైనా ఫోను మోగితే ఇప్పటికీ వేస్తుంది.