అన్నం, నీళ్ళు, అలిగేటోళ్ళు

మా మేనమామ పోయాడన్న కబురు పోయిన నెల ఒక బుధవారం వచ్చింది. అప్పుడు నేను మేనేజర్లతో వచ్చే ఏడాది ప్రణాళిక మీద కూర్చుని ఉన్నాను. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదట. ఏడుపొచ్చింది, మేనేజర్ల ముందే ఏడ్చాను. కారెక్కాక చేతులు ఊరికే ఉండక, ఆయన నేర్పినట్టే ఒక కాగితం మీద మూడు మాటలు రాసుకున్నాను: అన్నం, నీళ్ళు, అలిగేటోళ్ళు. మూడో మాట కింద ఒక్క పేరే వచ్చింది. మా బాపు.

మామకు కల్వకుర్తిలో ఎరువుల దుకాణం ఉండేది, పేరుకు. అసలు పని చుట్టుపక్కల వాళ్ళ పెండ్లిళ్ళు దగ్గరుండి చేయించడం. ఎవరూ అప్పజెప్పకపోయినా తువ్వాల నడుముకు బిగించి పొయ్యి దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు. మెతుకు వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు, వంటవాళ్ళతో పోట్లాడేవాడు. అందరూ తిన్నాక, బోర్లించిన వంట గంజు మీద కూర్చుని చివరగా తినేవాడు.

"పూలు తక్కువైతే ఎవడు సావడు బిడ్డా" అనేవాడు. "అన్నం తక్కువైతే పదేండ్లు చెప్పుకుంటరు. నీళ్ళు లేకుంటే ఆ అన్నం గొంతు దిగది. ఇగ అలిగేటోళ్ళు. వాళ్ళను ముందుగాల్నే పట్టుకోవాలె. పెండ్లినాడు పట్టుకుందామంటే దొరకరు."

నేను నడిపే కంపెనీ పశువుల దాణా తయారుచేస్తుంది. మూడు వందల మందిమి. పెద్ద కంపెనీల్లోలాగా ప్రతి పనికీ ఒక విభాగం లేదు, అలాగని అన్నీ నేనే చూసుకునేంత చిన్నదీ కాదు. మీలో ఎవరైనా ఇలాంటి కంపెనీ నడుపుతుంటే ఆ అవస్థ తెలిసే ఉంటుంది. సీఈఓ కుర్చీలో కూర్చున్న మొదటి ఏడు హైదరాబాద్ కన్సల్టెంట్లు మూడేళ్ళ ప్రణాళిక చేసిచ్చారు. అందులో ముప్పై నాలుగు ప్రాధాన్యాలు. దాన్ని చంకలో పెట్టుకుని తిరిగేదాన్ని. ఒక ఆదివారం మామ అది చూసి, కళ్ళద్దాలు తేలేదని నాతోనే చదివించుకున్నాడు. పదకొండో దానికి ఆవులించాడు.

"ముప్పై నాలుగు ముఖ్యమైతే ఒక్కటి గూడ ముఖ్యం కానట్టే గదా. గీండ్ల అన్నమేది?"

కాగితాలు తిరగేశాను. పాడిరైతుకు చెప్పిన రోజున మంచి దాణా అందడం అన్నాను చివరికి. నీళ్ళేవంటే మక్కలన్నాను, మొక్కజొన్నలు రాకపోతే మా మిషన్లు తిరగవు కాబట్టి.

"మరి అలిగేటోళ్ళెవరు?"

"కంపెనీల అలుగుడేంది మామా?"

"ఆడ మనుషులున్నరా లేరా?"

దసరాలోపు నకిరేకల్ ఫ్యాక్టరీ మూసి అంతా కల్వకుర్తికి చేర్చడం ఆ ప్రణాళికలో ఒకటి. అక్కడ ఇరవై ఏళ్ళుగా ఉన్న సూపర్‌వైజర్‌కు ఇంకా సంగతే చెప్పలేదు. ఒక ఉత్తర్వు పంపితే సరిపోతుందనుకున్నాను. మామ నన్ను ఎగాదిగా చూశాడు.

"కార్డు పోస్టుల ఏసి పెండ్లికి రమ్మంటవా? నడువ్, ఇంటికి పోయి చెప్దాం" అని, డజను అరటిపండ్లు కొనిపించి నాతోపాటు బయలుదేరాడు.

సూపర్‌వైజర్ అంతా విన్నాడు. చాయ్ ఇచ్చాడు. ఖాళీ గ్లాసులు లోపల పెట్టొచ్చి అన్నాడు. "మూసుడు మీ ఇష్టం మేడం. గని దసరా అప్పుడు మక్కలు పచ్చిగ వస్తయ్. ఆరబెట్టే మిషన్ ఈడ్నే ఉన్నది. అది కదలకముందే దీన్ని మూస్తే మక్కలు బూజు పడ్తయ్. గా దాణా తిన్న బర్లు పాలిస్తయా?"

ముప్పై నాలుగు ప్రాధాన్యాల్లో ఆ మిషన్ ఊసే లేదు. తిరిగొచ్చేటప్పుడు మామ, డజనులోంచి ముందే దాచుకున్న ఒక అరటిపండు ఒలుచుకుంటూ, "అలిగేటోనికి ఊకెనే కోపం రాదు బిడ్డా. మనకు కనవడనిదేదో ఆయనకు కనవడ్తది" అన్నాడు. దసరాకు మూయడం మానుకున్నాం. ఎండాకాలంలో ముందు మిషన్‌ను తరలించి, తర్వాతే మిగతావి కదిలించాం. దగ్గరుండి చేయించింది ఆ సూపర్‌వైజరే. అప్పటి నుంచి మా ఏడాది ప్రణాళిక మూడు మాటలతోనే మొదలవుతుంది.

ఇంకోసారి మా క్యాంటీన్‌లో నేను అందరికన్నా ముందు ప్లేటు పట్టుకోవడం చూసి మందలించాడు. "నువ్వే ముందుగాల తింటే కూర అయిపోయిన సంగతి నీకెట్ల ఎరుకైతది?" పౌరుషానికి పోయి మర్నాటి నుంచి చివరగా తినడం మొదలుపెట్టాను. రెండో షిఫ్టు వాళ్ళు వారంలో మూడు రోజులు పచ్చడి మెతుకులతోనే సరిపెట్టుకుంటున్నారని నాలుగో రోజుకే తెలిసింది.

ఇంత తెలిసిన మామకు ఒక్క అలక మాత్రం లొంగలేదు. తెలంగాణ వచ్చిన ఏడే నా పెండ్లి. మగపెండ్లివారు బస్సు దిగేసరికి బాపు తన చిన్ననాటి దోస్తులతో మొదటి బంతిలో కూర్చున్నాడు. "లే బావా, లే, పిలగానోళ్ళు వచ్చిండ్రు" అని మామ అందరి ముందు ఆయనను విస్తరి ముందు నుంచి లేపేశాడు. వడ్డించిన అన్నం అట్లాగే ఉండిపోయింది. ఆ రోజు నుంచి బాపు మామ ఇంట్లో మెతుకు ముట్టలేదు. ఇద్దరి ఇండ్లకూ మధ్య రెండు వీధులే. నడుమ నలిగిపోయింది అమ్మ.

"లేపుడు కరెక్టే" అని మామ నా దగ్గర ఒప్పుకున్నాడు. "గని చెవుల చెప్పవలసింది నలుగుట్ల గట్టిగ చెప్పిన. తప్పు నాదే."

"ఆ ముక్క బాపుకే చెప్పరాదు?"

"చెప్త, చెప్త. గీ పెండ్లిళ్ళు కానియ్."

పెండ్లిళ్ళు ఎప్పటికీ అయిపోవు కదా. ఆయన చెప్పలేదు, నేనూ పట్టుబట్టలేదు. ఏటా కంపెనీలో అలిగినవాళ్ళ ఇండ్లకు తిరిగిన నాకు ఈ రెండు వీధులు కనబడలేదు. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చావునాడు బాపు వచ్చాడు. దూరంగా నిలబడి, నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. పదకొండో రోజు భోజనాలకు పిలవడానికి నేనే బాపు ఇంటికి వెళ్ళాను, ఈసారి అరటిపండ్లు లేకుండా ఉత్త చేతులతో.

"బాపూ, మామ నీకు చెప్పేదొకటి మిగిలిపోయింది" అని, మామ అన్న మాట అన్నట్టే చెప్పాను.

బాపు పేపర్ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇక లాభం లేదని లేచి చెప్పులేసుకుంటుంటే అడిగాడు.

"బియ్యం ఎన్ని కిలోలు పెడ్తున్నరు?"

చెప్పాను.

"సాలవు" అన్నాడు. "ఆయన కోసం సగం కల్వకుర్తి వస్తది."

పదకొండో రోజు నేను వెళ్ళేసరికే బాపు నడుముకు తువ్వాల బిగించి పొయ్యి దగ్గర ఉన్నాడు. గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్న మా మేనేజర్లను, చేతులు మెల్లగా ఆడుతున్నాయని కేకలేశాడు. నిజంగానే సగం ఊరు వచ్చింది. అన్నం సరిపోయింది. చివరి బంతి కూడా లేచాక, వెతుక్కుని ఒక గంజు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. నేను విస్తరి పట్టుకెళ్ళాను.

"కూర అయిపోయింది బాపూ."

"నాకెరుకే" అన్నాడు.

పప్పు కలుపుకుని, ముద్ద చేత్తో పట్టుకుని, ఎదురుగా కుర్చీలో దండేసి పెట్టిన మామ ఫోటో వైపు చూశాడు.

"ఇప్పుడు లేపురా బామ్మర్ది, చూస్త."

నవ్వుతూనే అన్నాడు. ముద్ద మాత్రం చాలాసేపు చేతిలోనే ఉండిపోయింది.