జానుజాక్ నాలుక

మా ఆయన జానుజాక్ నాలుక గురించి ఈ సరస్సు ఒడ్డున తెలియనివాళ్ళు లేరు. మాటకారి అనుకునేరు. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే ఆ రోజు మా ఇంట్లో పండగే. పడవ కడుపులో కూర్చున్న డీజిల్ ఇంజిన్‌కి ఏ రోగమొచ్చిందో ఆయన నాలుకతో చెప్పేవాడు.

మా బల్కాష్ సరస్సులో పడమటి సగం మంచినీళ్ళు, తూర్పు సగం ఉప్పునీళ్ళు. రెండూ కలిసే ఇరుకు దగ్గర మా ఊరు. మగాళ్ళు చేపల వేటకు ఉప్పు వైపే పోతారు. ఇంజిన్‌ను చల్లబరచడానికి బయటి గొట్టాల్లో సరస్సు నీళ్ళు తిరుగుతాయి, లోపల ఇంజిన్ గోడల మధ్య మేం పోసిన బావినీళ్ళు తిరుగుతాయి. ఆయిల్ చిలికిన మజ్జిగలా తెల్లబడిందంటే అందులో నీళ్ళు కలిసినట్టే. ఏ నీళ్ళన్నదే తేలాలి. ఉప్పగా ఉంటే బయటి నీళ్ళు. ఆయిల్‌ను చల్లబరిచే గొట్టానికి ఎక్కడో చిల్లి పడిందన్నమాట, ఒక పూట పని. చప్పగా ఉంటే లోపలి నీళ్ళు. ఇంజిన్ గోడే పగిలిందన్నమాట, ఆ ఏడాదికి పడవ ఒడ్డున కూర్చోవలసిందే.

ఒక రాత్రి ఇంజిన్‌ను కదపకుండా ఉంచితే నీళ్ళు అడుగుకు దిగుతాయి. పొద్దున్నే అడుగు బోల్టు వదులు చేసి, ముందుగా వచ్చేదాన్ని గిన్నెలో పట్టేవాడు. ఒక చుక్క వేడి ఇనుము మీద వేస్తే చిటపటమనేది. అప్పుడు వేలు ముంచి నాలుకకు రాసుకుని, ఉమ్మి, చొక్కా చేతికి మూతి తుడుచుకుని ఒక్క మాట చెప్పేవాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఎక్కడ కారుతోందో గాలి ఒత్తిడి పెట్టి చూసే పంపు ఒకటి ఉండేది. చేపల సంఘం మూతపడినప్పుడు ఎవడో ఎత్తుకుపోయాడు. "నాలుకుండగా పంపెందుకు?" అన్నాడు మా ఆయన. గర్వం, ఏం చేస్తాం.

ఆ చలికాలం ఆయనకు జ్వరం తగులుకుని పదిహేను రోజులు మంచం దిగలేదు. లేచాక తిండి మామూలుగానే తిన్నాడు. ఒకరోజు పొయ్యి మీద కొవ్వు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, ఆయన ఆ పక్కనే కూర్చుని తీరుబడిగా వల కుట్టుకుంటున్నాడు. ఆ కంపు ఆయనకు తగల్లేదు. మర్నాడు కావాలనే మాంసం చారులో ఉప్పు వేయలేదు. గిన్నె ఖాళీ చేసి, "బాగుందే బల్జాన్," అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఊళ్ళో ఆయనకున్నది ఆ ఒక్క పేరు. అది కాస్తా పోతే మనిషి ఏమైపోతాడోనని భయపడ్డాను. ఆ భయాన్ని తగలెయ్య!

మేలో మంచు కరిగింది. మా తమ్ముడు సేయిల్‌ఖాన్ మొదటి వేటకు వెళ్ళి రెండో రోజే తిరిగొచ్చాడు. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. నేనే చంకనేసుకుని పెంచాను.

"బావా, ఆయిల్ మజ్జిగైపోయింది. ఓ గ్లాసు తాగుతావా?" అన్నాడు.

"చలికాలానికి ముందు లోపలి నీళ్ళు తీశావట్రా?"

"తియ్యకపోతే ఇదేంటి మరి?" అంటూ చుక్కాని చక్రానికి ఇంకా వేలాడుతున్న దారం ముక్క చూపించాడు.

మంచు పడకముందే పడవను ఒడ్డుకు లాగి, ఇంజిన్‌లో నీళ్ళు గడ్డకట్టకుండా అడుగు కన్నంలోంచి బయటికి వదిలేసి, ఆ కన్నానికుండే ఇత్తడి బిరడాను చక్రానికి కట్టి వేలాడదీస్తాం. వసంతంలో విప్పి మళ్ళీ బిగిస్తాం. చక్రానికి బిరడా ఉంటే నీళ్ళు పోయినట్టే లెక్క. ఇక ఎవరూ వంగి చూడరు. మా ఆయనా చూడలేదు.

మర్నాడు పొద్దున నేను రేవుకు టీ పట్టుకెళ్ళేసరికి ఆయన చేతిలో గిన్నె ఉంది. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. ఉమ్మలేదు. మళ్ళీ ముంచాడు. తల తిప్పి నా వైపు చూశాడు.

"ఏంటి బావా, రుచి మరిగావా?" అని నవ్వాడు తమ్ముడు. "అక్కా, నువ్వూ ఓ చుక్క చూడు. ఇంట్లో ఉప్పు పెత్తనం నీదేగా!"

గిన్నె నాకు జానెడు దూరంలో ఉంది. పదిమంది మగాళ్ళ ముందు, మొగుడు రుచి చూసిన గిన్నెలో పెళ్ళాం వేలు పెట్టడమా?

"ఛీ పోరా! మీ ఇంజిన్ ఉచ్చ నాకెందుకు?" అన్నాను. అందరూ నవ్వారు.

"ఉప్పు," అన్నాడు మా ఆయన.

గొట్టం విప్పి చూస్తే ఒకచోట పాత అతుకు అనుమానంగా కనిపించిందట, దాన్ని మళ్ళీ అతికాడు. కొత్త ఆయిల్ పోసి రేవులోనే అరగంట తిప్పాడు. కొలత పుల్ల తీసి చూస్తే ఆయిల్ తేనెరంగులో శుభ్రంగా ఉంది. మధ్యాహ్నానికి తమ్ముడు, వాడి జోడీ గెన్నాది పడవెక్కి వెళ్ళిపోయారు. గిన్నెలో మిగిలిన నీళ్ళను నేను సీసాలో పోసి ఇంటికి తెచ్చాను. ఎవరూ లేనప్పుడు రుచి చూద్దామని తెచ్చాను. తెచ్చి కిటికీలో పెట్టాను గానీ చూడలేదు. చూస్తే చెప్పాలి కదా మరి.

మూడో రోజు గాలి లేచింది. ఖాళీ డీజిల్ డబ్బా పట్టుకుని తేలుతున్న గెన్నాదిని వేరే పడవవాళ్ళు లాగారు. చెప్పలేక చెప్పలేక చెప్పాడు. అలలకు ఎదురు తోలుతుంటే ఇంజిన్ వేడెక్కిందట, ఆయిల్ మళ్ళీ తెల్లబడిందట, ఒక్కసారిగా ఇంజిన్ బిగుసుకుపోయిందట. పడవ అడ్డం తిరిగి బోల్తా పడింది. నా తమ్ముడు పదో రోజున రెల్లు పొదల్లో దొరికాడు.

పడవను లాక్కొచ్చాక మా ఆయన ఒక్కడే కూర్చుని ఇంజిన్ మొత్తం విప్పాడు. గోడకు వెంట్రుక మందాన జానెడు పగులు, ఇంజిన్ బాగా వేడెక్కితేనే నోరు తెరిచేది. బిరడా కన్నం లోపల తెల్లటి సున్నం రాయిలా గడ్డకట్టి ఉంది. నీళ్ళు వదిలిన రోజు గ్లాసెడు కారి ఆగిపోయి ఉంటాయి. అలా ఆగితే కన్నంలో తీగతో పొడిచి చూడాలి. నా తమ్ముడు నీళ్ళన్నీ అయిపోయాయనుకుని బిరడాను చక్రానికి కట్టేశాడు, పిచ్చి వెధవ. లోపల మిగిలిన నీళ్ళు గడ్డకట్టి ఇనుమును చీల్చాయి.

తమ్ముడు పోయిన నలభయ్యో రోజు భోజనాలకొచ్చిన వాళ్ళు వెళ్ళిపోయాక మా ఆయన కిటికీలోంచి సీసా తీసి నా ముందు పెట్టాడు.

"చూడు," అన్నాడు.

వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. ఆయిల్ చేదు వెనకాల మా బావినీళ్ళే. ఒక్క రవ్వ ఉప్పు లేదు.

"ఉప్పే," అన్నాను.

"ఆ రోజు చారులో కూడా ఉప్పుందా?"

నేను సీసా మూత బిగించసాగాను.

"నువ్వు ఉప్పు డబ్బా ముట్టకపోవడం ఆ రోజే కనిపెట్టాను. నీకు తెలుసని నాకూ తెలుసు. అందుకే రేవులో నీ మొహం చూశాను. కాదని తలూపుతావని చూశాను బల్జాన్."

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. నేను నేల మీద పడి ఏడ్చాను. ఆయన పేరు నేను కాపాడాను, పదిమందిలో నన్ను అడక్కుండా నా పరువు ఆయన కాపాడాడు, నడుమ నా బిడ్డలాంటి తమ్ముణ్ణి మేమిద్దరమే చంపుకున్నాం.

మా ఆయన మళ్ళీ ఇంజిన్ ముట్టుకోలేదు. ఇప్పుడు అన్నం ముందు కూర్చుని, "ఉప్పు సరిపోయిందా?" అని నన్నే అడుగుతాడు. నేను చూసి చెప్తాను. ఆ సీసా ఇంకా కిటికీలోనే ఉంది. పారబోయడానికి ఇద్దరికీ చేతులు రావడం లేదు.