మైకమ్మ దరఖాస్తు

బస్టాండులో పనిచేసినవాళ్లలో ఎవరిని అడిగినా ఆమె అసలు పేరు చెప్పలేరు. మైకమ్మ అంటే మాత్రం ఠక్కున చెయ్యి చూపించేవారు. విచారణ కౌంటరు వెనక చిన్న గాజు గది, అందులో మెడ వంచుకున్న మైకు, పక్కన మూతపెట్టిన గ్లాసుడు నీళ్లు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఎవరి ఒళ్లో కూర్చుని ఏడుస్తున్నాడో, అన్నీ ఆమె గొంతులోంచే బయటికి రావాలి. డ్రైవర్లు టీ గ్లాసు సగంలో వదిలేసి లేచేవారు. పెళ్లాం చెబితే విననుగానీ మైకమ్మ చెబితే పరుగెడతానని ఒక కండక్టరు అందరి ముందూ ఒప్పుకునేవాడు.

ఆ గొంతుకు మైకు దొరక్కముందే పని దొరికింది. ఇంట్లో అన్నయ్య ఉన్నాడు.

అన్నయ్యకు నత్తి. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసి, మెడ నరాలు ఉబ్బి, కళ్లు మూసుకుపోయేవి. ఆ మాట బయటపడేలోపు ఎదుటివాళ్లు తల తిప్పుకునేవారు. పాఠం పైకి అప్పజెప్పలేదని బళ్లో ఒక ఏడాది అదే తరగతిలో ఉంచేశారు. దాంతో ఏడాది చిన్నదైన చెల్లెలు వెనకనుంచి వచ్చి అతని బెంచీలోనే కూర్చుంది. ఇక హాజరు పిలిచినప్పుడు ఆమె రెండుసార్లు పలికేది. ఒకసారి తన గొంతుతో, ఇంకోసారి కాస్త బొంగురు పెట్టి అన్నయ్య కోసం. మాస్టారు తలెత్తకుండానే రెండూ వేసుకునేవారు. అన్నయ్య జ్వరంతో ఇంట్లో పడుకున్న రోజున కూడా అలవాటుకొద్దీ పలికేసింది. మాస్టారు ఖాళీ జాగా వంక చూసి, "వాడు రాకపోయినా వాడి గొంతు బడికొచ్చిందే" అన్నారు. అందరితో పాటు ఆమే ఎక్కువ నవ్వింది.

అన్నయ్యకు ఏదైనా కావలసివస్తే ఆమె చొక్కా చెయ్యి పట్టుకుని లాగేవాడు. ఆ చెయ్యి ఎప్పుడూ కుట్లు ఊడిపోయి వేలాడుతూ ఉండేది. అమ్మ దారం కొరుకుతూ, ఈ పిల్లకు ఎడమ చెయ్యి లేకుండానే బట్టలు కుట్టించాలని సణుక్కునేది. బడి వదిలాక మలుపులో రొట్టెల దుకాణం దగ్గర ఆగేవారు. రెండు క్రీమ్ బన్నులివ్వండి, ఒకటి మా అన్నయ్యకు అని ఆమే అడిగేది. రెండు సంచులూ అన్నయ్య భుజాన, బన్నులు చేతుల్లో, మలుపులో ఉండే గోధుమరంగు కుక్క వెనకాల. ఆ కుక్కకు తనంటే ప్రాణమని ఆమె క్లాసంతా చెప్పుకుంది. పెద్దయ్యాక ఎన్ని పనులు చేసినా, ఎవరెంత మెచ్చుకున్నా, ఆ సాయంత్రపు నడకలో ఉన్నంత గొప్పగా ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. ఒక మనిషికి తను కావాలి. అంతకంటే ఏం కావాలి.

అన్నయ్య కుట్టు మిషన్ల రిపేరు నేర్చుకుని షాపు పెట్టాడు. చక్రం మీద చెయ్యి వేసి ఒక్కసారి తిప్పితే రోగం తెలిసిపోయేది. మాట్లాడవలసిన పని తక్కువ. పెద్ద బేరాలకు మాత్రం చెల్లెలు వచ్చి కూర్చునేది. వదిన వచ్చింది, ఒక కూతురు పుట్టింది. మైకమ్మ తన డ్యూటీ దిగి ఇంటికి, అమ్మ దగ్గరికి వెళ్లేముందు రోజూ షాపులో ఆగేది.

తర్వాత బస్టాండుకు కొత్త యంత్రం వచ్చింది. ఎవరో చలికాలంలో ముక్కు దిబ్బడతో చదివినట్టున్న గొంతు దాంట్లోంచి బస్సుల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. మైకమ్మను సామాన్లు దాచే గదికి మార్చారు. అక్కడ సూట్‌కేసులతో ఏం మాట్లాడుతుంది?

ఆ రోజుల్లోనే అన్నయ్య కూతురికి మాటలో తడబాటు కనిపించింది. ఇంట్లో అందరూ హడలిపోయారు. మాటల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. వెంట మేనత్త వెళ్లకుండా ఉంటుందా? పొట్టి బల్ల, గోడకు అద్దం, చెక్క బొమ్మలు ఉన్న గదది. డాక్టరమ్మ పిల్లను పేరడిగింది. మేనత్త చెప్పింది. ఏ క్లాసని అడిగింది. అదీ మేనత్తే చెప్పింది. డాక్టరమ్మ చిరునవ్వుతో, మీరు కాస్త బయట కూర్చోండమ్మా అంది.

బయట బెంచీ మీద ఆమె చెవులు రిక్కించి కూర్చుంది. లోపలినుంచి చప్పుడే లేదు. మాట నేర్పేచోట ఇంత నిశ్శబ్దమేమిటని ఆమెకు పట్టరాని కుతూహలం. వారాల తరబడి ఆ తలుపు వంక చూసి చూసి, చివరికి ఒకరోజు లోపలికి వెళ్లి అడిగేసింది: ఈ పని చెయ్యాలంటే ఏం చదవాలి?

డాక్టరమ్మ నవ్వలేదు. మీది కామర్స్ డిగ్రీ అంటున్నారు కదా, ముందు గొంతు గురించీ శబ్దాల గురించీ మనసు గురించీ కొన్ని పేపర్లు విడిగా పాసవ్వాలి, ఆ తర్వాత స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీలో పీజీకి దరఖాస్తు చేసుకోవచ్చు అని వివరంగా చెప్పింది. మైకమ్మ సామాన్ల గదిలోనే చదువు మొదలుపెట్టింది. స్వరపేటిక బొమ్మ ఉన్న పేజీ తెరిచి ఉంటే, సంచి దాచడానికొచ్చిన ఒకాయన తొంగి చూసి, ఇది ఏ ఊరి మ్యాపండీ అని అడిగాడు. ఊరు కాదండీ, మీ గొంతు అని చెబితే చెయ్యి మెడ మీద పెట్టుకుని మరీ వెళ్లాడు.

మొదటి ఏడాది పెట్టిన దరఖాస్తులన్నీ తిరిగొచ్చాయి. రెండో ఏడు ఒక్క కాలేజీ మిగిలింది. అక్కడ పెట్టిన వయసు హద్దు వచ్చే ఏడాదికి దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరు. ఆ కాలేజీవాళ్లు ఒక వీడియో కూడా అడిగారు: మాట్లాడడంలో ఇబ్బంది ఉన్న మనిషితో పది నిమిషాల సంభాషణ, ఎక్కడా కత్తిరించకూడదు. మైకమ్మకు నవ్వొచ్చింది. ప్రపంచంలో తనకంటే ఈ పరీక్షకు తయారైనవాళ్లు ఎవరు?

సెలవురోజున షాపులో, మిషన్ల మధ్య రెండు స్టూళ్లు వేసుకుని అన్నాచెల్లెళ్లు కూర్చున్నారు. ఫోను నూనె డబ్బాకు ఆనించారు. పది నిమిషాలూ గడగడా గడిచిపోయాయి. ఇద్దరూ పక్కపక్కన తలలు ఆనించి వీడియో చూసుకున్నారు. అద్భుతంగా ఉందని ఆమె అంది. అన్నయ్య తలూపాడు. చిన్నప్పటి సంగతులన్నీ వచ్చాయి, ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

వదిన టీ తెచ్చి, నిలబడే చూసింది. చివరిదాకా చూసింది.

"అమ్మాయ్, ఇందులో మీ అన్నయ్య ఎక్కడ మాట్లాడారు?"

"అదేంటి వదినా, అంతా అన్నయ్య సంగతులేగా."

"సంగతులు ఆయనవే. గొంతు నీది."

మళ్లీ పెట్టి చూశారు. నిజమే. పని ఎలా నేర్చుకున్నావు అన్నయ్యా అని ఆమె అడిగింది. ముసలి మేస్త్రీ దగ్గర కదా, మొదట్లో సూదులు విరగ్గొట్టేవాడివి కదా అని ఆమే చెప్పింది. అన్నయ్య ఊ అన్నాడు, నవ్వాడు, రెండుసార్లు నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోటి ముందు ఆమె మాట వెళ్లి కూర్చుంది. ఇంతసేపూ ఇద్దరిలో ఒక్కరికీ అది తేడాగా అనిపించలేదు.

"ఇంట్లో పిల్లకు రోజూ కథ చెప్తారు," అంది వదిన గ్లాసులు తీస్తూ, మామూలుగానే. "ఆగుతూ ఆగుతూ, అది నిద్రపోయేదాకా చెప్తారు. నువ్వొచ్చినప్పుడే ఆయన నోటికి సెలవు."

మైకమ్మ ఆ రోజు టీ తాగకుండా ఇంటికి వెళ్లిపోయింది. అన్నయ్య కథలు చెప్తాడని ఆమెకు తెలియదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఏమైందే అని అమ్మ అడిగితే తలనొప్పి అంది. దరఖాస్తు పంపకూడదనుకుంది. పంపితే ఏ మొహం పెట్టుకుని పంపాలి? మర్నాడు డ్యూటీలో ఎవరి సంచి ఎవరికిచ్చిందో కూడా ఆమెకు గుర్తులేదు. సాయంత్రం కాళ్లు వాటంతటవే షాపు దగ్గరికి తీసుకెళ్లాయి.

"నేనుంటే నీకు మాట్లాడబుద్ధి కాదా అన్నయ్యా?"

అన్నయ్య చేతిలో ఉన్న మిషను షటిల్ కింద పెట్టాడు. "అది కా... కా..."

"కాదంటావా? మరి వదిన ఎందుకలా..."

అన్నయ్య పగలబడి నవ్వాడు. ఒక్క క్షణం ఆగి ఆమెకూ అర్థమై నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ.

ఇక ప్రయత్నాలు మొదలయ్యాయి. నోటినిండా నీళ్లు పట్టి కూర్చుంది. అన్నయ్య రెండో మాట దగ్గర ఆగగానే గుటుక్కున మింగేసి చెప్పేసింది. పెదాలు బిగించింది; బిగించిన పెదాలు కూడా అతనితో పాటు కదిలాయి. వదిన ఒక దారపుండ, ఖాళీ బాబిన్లు ఒళ్లో పడేసి, చుడుతూ ఉండు అంది. చెయ్యి దారంలో పడ్డాక నోరు కొంచెం కుదుటపడింది. దరఖాస్తుల గడువు దగ్గరపడుతుండగా మళ్లీ ఫోను పెట్టారు.

బళ్లోంచి ఇంటికొచ్చేవాళ్లం కదా, ఆ దారి గుర్తుందా అని ఆమె అడిగింది. అంతే. తర్వాత ఆగింది.

అన్నయ్య మొదలుపెట్టాడు. మాట పట్టేసినచోట ఆమె ఒళ్లో బాబిన్ ఆగిపోయేది. మాట వచ్చాక మళ్లీ తిరిగేది. బయట ఏదో బండి వెళ్లింది. గోడ గడియారం వినిపించింది. ఆ దుకాణంలో క్రీమ్ బన్ను తనకెప్పుడూ నచ్చలేదని అన్నయ్య చెప్పాడు. అతనికి కావలసింది గాజు సీసాలోని గట్టి రస్కు. చొక్కా లాగింది దానికోసమే. ఆమె తన వైపు తిరిగేసరికే బన్ను అతని చేతిలో పడేది.

"మరి తినేవాడివిగా," అంది ఆమె, ఆగలేక.

"తి... తినలేదు. కు... కుక్కకు పెట్టాను."

ఆమె చేతిలోని దారం జారిపోయింది. గోధుమరంగు కుక్క, ఇన్నాళ్లూ తనంటే ప్రాణమనుకున్న కుక్క. ఆమెకు ఒక పక్క నవ్వు, ఒక పక్క ఏడుపు. జారిన దారం అందుకుని మళ్లీ చుట్టసాగింది. అన్నయ్య ఇంకా చెబుతున్నాడు. రస్కు కావాలని చెప్పొచ్చు గానీ, ఆమె ఆ రెండు బన్నులూ పట్టుకుని వెనక్కి తిరిగినప్పుడు ఆమె మొహం చూస్తే చెప్పబుద్ధయ్యేది కాదట. ఒకరోజు ఆ కుక్క...

ఫోను ఆగిపోయింది. రికార్డింగుకు పెట్టుకున్న పది నిమిషాలు అయిపోయాయి.

"చెప్పన్నయ్యా," అంది ఆమె. కుక్క కథ పూర్తయ్యేసరికి షాపులో దీపాలు వేశారు. కాలేజీకి మాత్రం ఆ తెగిన వాక్యంతోనే పంపించారు.

జవాబు వచ్చిన సాయంత్రం ఆమె షాపులోనే ఉంది. ఫోనులో రెండుసార్లు చదివింది, మూడోసారి వదిన చేత చదివించింది. సీటొచ్చింది. అమ్మకు చెప్పాలని ఆమె నంబరు నొక్కగానే, అన్నయ్య చేతికంటిన నూనె గుడ్డకు తుడుచుకుని ఫోను తీసుకున్నాడు. అతను ఫోనులో ఎవరితోనూ మాట్లాడడు. అవతల అమ్మ హలో అంది. ఇంకోసారి అంది. గొంతు పట్టేసింది, కళ్లు మూసుకున్నాడు. చెల్లెలు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నువ్వట్రా? చెల్లి పక్కన లేదూ? దానికియ్యి," అంది అమ్మ.

"ఉ... ఉంది. నే... నేనే చెప్తా." కాసేపు పట్టింది. "చె... చెల్లికి సీటొచ్చింది."

 అవతల అమ్మ ముక్కు చీదిన చప్పుడు. "దేంట్లో వచ్చిందిరా సీటు? ఏదో పెద్ద పేరు చెప్పిందే."

అన్నయ్య చెల్లెలి వంక చూశాడు. నత్తివాళ్లకు సాయం చేసే చదువుకు ఇంత పేరు పెట్టినవాడెవడో గానీ అన్నట్టుగా ఆమె తల కొట్టుకుంది, నోరు మాత్రం విప్పలేదు. మిషను తీసుకెళ్లడానికొచ్చిన దర్జీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇది ఇప్పట్లో తేలేది కాదని చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"స్పీ..." అని మొదలుపెట్టాడు అన్నయ్య.